తాళి ముందు, మేళం వెనక

ఆ రోజుల్లో జనానికి కంటితో చూసినదానికంటే టీవీలో చూసిందే నిజం. బద్వేలులో మా మేనమామ వీడియో షాపులో నేను కొత్తగా పనికి కుదిరిన కాలమది. పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి సీడీలుగా మార్చడం నా ఉద్యోగం. ఆ కంప్యూటర్ ఎంత నిదానమంటే, మీట నొక్కి మహానందికి పోయి గుండంలో మునిగి వచ్చినా ఇంకా గిర్రున తిరుగుతూనే ఉండేది (అబద్ధమైతే మామనడగండి, ఆయనా ఇదే చెబుతాడు, నేనే నేర్పాను).

ఒకరోజు, ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ డోలు వాయించే పెద్దాయన షాపుకొచ్చాడు. మేము మార్చిచ్చిన ఒక సీడీలో పెళ్లికొడుకు తాళి కట్టేసి, చేతులు దులుపుకుని కూర్చున్నాక గట్టిమేళం మోగుతోందట. అది చూసి పెళ్లికొడుకు నాయన, రెండో కొడుకు పెళ్లికి వేరే మేళాన్ని పిలుస్తానన్నాడట. విచిత్రమేమిటంటే, పెళ్లిరోజు పక్కనే నిలబడి అక్షింతలు వేసినవాళ్లు కూడా మేళం ఆలస్యమైన మాట నిజమేనని ఒప్పేసుకున్నారు. పెద్దాయన కోప్పడలేదు. బల్ల మీద కూర్చుని, "ఏమప్పా, పెండ్లి చేసే అయ్యవారు వేలెత్తేలోపల నా చెయ్యి లేస్తాది. నేను వెనకబడేది యాడన్నా ఉండాదా? నీ మిషనే నిద్రపోయింటాది, సూడు" అన్నాడు.

దాన్ని సరిచేసేదాకా గడ్డం గీయనని ఒట్టు పెట్టుకున్నాను (గడ్డం ఇంకా రాలేదనుకోండి). మొదట సౌండునంతా ముందుకు జరిపాను. తాళి దగ్గర మేళం అతికింది కానీ, అంతకుముందు వినాయకుడి పూజలో కొబ్బరికాయ కొట్టకముందే పగిలిన చప్పుడైంది. మళ్లీ యథాస్థానానికి తెస్తే, చివర్లో కారు ముందు కొట్టిన కాయ ముక్కలై దొర్లిపోయాక టప్పుమంది. ఎవరు చూస్తార్లే, వదిలెయ్యమన్నాడు మామ. నేను వదల్లేదు. ఆ రెండు కాయల్నే తిప్పి తిప్పి చూడగా తెలిసింది: మొదటి కాయకు సౌండు సరిగ్గానే ఉంది, తాళి దగ్గర కొంచెం వెనకబడింది, చివరి కాయకు ఇంకా వెనకబడింది. అంటే మార్చేటప్పుడు కంప్యూటర్ ఆయాసపడి అక్కడో బొమ్మా ఇక్కడో బొమ్మా వదిలేస్తూ పోయింది. దాంతో బొమ్మ పొట్టిదైపోయింది, సౌండు మాత్రం దేన్నీ వదలక పొడుగ్గానే ఉండిపోయింది. ఇది జరిపితే కుదిరే రోగం కాదు, సౌండు మొత్తానికీ ఓ రవ్వ వేగం పెంచాలి. మొదటి కాయను మేకులా బిగించి, చివరి కాయ చప్పుడు సరిగ్గా పగులు మీద పడేదాకా పెంచుతూ పోయాను.

మర్నాడు పెళ్లికొడుకు నాయన ఇంట్లోనే, అందరి ముందూ సీడీ వేశాం. పెద్దాయన వేళ్లు మోకాలి మీద దరువేస్తున్నాయి. ముడి పడింది, మేళం మోగింది. పెళ్లికొడుకు నాయన గొంతు సవరించుకుని, "రెండోవాని పెండ్లికీ నువ్వే రావల్లప్పా" అన్నాడు (అక్షింతలు వేసినవాళ్లంతా తాము ముందే చెప్పామన్నారు). పెద్దాయన మాత్రం నా చెవి దగ్గరకు వంగి, "డోలు సరిగ్గుండాది. మా బామ్మర్ది నాదస్వరమే రవ్వంత శ్రుతి పైకి పోయినట్లుండాది. పోనీలే, వాని తంటా వాడు పడతాడు" అన్నాడు. వేగం పెంచితే శ్రుతి కూడా పెరుగుతుందని నేను చెప్పలేదు.

ఇప్పుడు ఇంట్లో ఎవరైనా జోకేస్తే, అందరూ నవ్వడం అయిపోయాక నేను మొదలుపెడుతున్నానని మా ఆవిడ ఫిర్యాదు. మధ్యలో ఎక్కడెక్కడ ఎన్ని బొమ్మలు వదిలేస్తూ వచ్చానో ఏమో. మా పెళ్లినాటి మొదటి కొబ్బరికాయ దగ్గర మాత్రం నేను సరిగ్గానే ఉన్నాను.