పసుపు రాయి, నల్ల బొగ్గు

2018 మార్చి. అప్పుడు నేను సూర్యాపేట జిల్లాలో మండల సర్వేయర్‌ని. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఆకుపచ్చ అట్ట వేసిన ఆ ఏటి డైరీ ఇప్పుడు నా ముందే ఉంది. పద్నాలుగో తారీఖు పేజీలో, కింద మూడు గీతలు గీసి రాసిన మాట ఒక్కటే: ‘బొగ్గులు!’ నా డైరీలలో ఆశ్చర్యార్థకం పడిన పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి. సర్వే ట్రైనింగ్ మొదటి రోజున మా ఇన్‌స్ట్రక్టర్ బోర్డు మీద ‘కార్డినల్’ అని రాసి, అర్థాలు చెప్పమన్నారు. నాలుగు దిక్కులను కార్డినల్ పాయింట్స్ అంటారని అందరం అరిచాం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టే సంఖ్యలు కార్డినల్ నంబర్లని లెక్కలు చదివినవాడు చెప్పాడు. రోమన్ కాథలిక్ చర్చిలో పోపు తర్వాతి పెద్దలని మిర్యాలగూడ నుంచి వచ్చిన మిత్రుడు అన్నాడు. వాళ్ల ఎర్ర అంగీల వల్లే అమెరికాలో ఒక ఎర్ర పిట్టకూ ఆ పేరు వచ్చిందని ఇన్‌స్ట్రక్టర్ నవ్వుతూ చెప్పారు. “ఇవన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం మరవకండి” అంటూ చివరి అర్థం రాశారు. కార్డినల్ రూల్, అంటే అన్నిటికీ ఆధారమైన నియమం. సర్వేయర్ మొత్తం నుంచి భాగానికి రావాలి. దూరాన ఉన్న నమ్మకమైన రాళ్ల నుంచి కొలుచుకుంటూ తగాదా ఉన్న చోటికి చేరాలి. తగాదా దగ్గరున్న రాయితో మొదలుపెట్టకూడదు.

ఆ అర్థాలన్నీ డైరీ చివరి పేజీలో రాసుకున్నాను. ఏటా కొత్త డైరీలోకి ఎక్కించుకునేవాణ్ణి. ముప్పై ఏళ్లకు పైగా చేత్తో రాసిన ఆ నియమాన్ని మార్చి పదమూడున నేనే తప్పాను.

పెన్‌పహాడ్ మండలంలో ఒక ఊరు. సైదమ్మకు అక్కడ ఎకరంన్నర పొలం. మొగుడు పోయాక ఒక్కతే చేసుకుంటోంది. రెండు బోర్లు ఎండిపోయాయి. మూడోది, వాయవ్య మూలన గట్టు పక్కన వేసింది, నీళ్లు పోసింది. ఆమెకు పడమర పక్కనున్న రెండెకరాల చిల్లర పొలాన్ని మిర్యాలగూడ రైస్ మిల్లు యజమాని లక్ష్మీనారాయణ సేటు కొన్నాడు. కొనగానే డోజర్ పెట్టి చదును చేయించాడు. ఆ ఊపులో మధ్య గట్టు కూడా పోయింది. కోదాడ నుంచి ప్రైవేటు సర్వేయర్‌ను పిలిపించి మిషన్‌తో కొలిపిస్తే సైదమ్మ బోరు సేటు పొలంలో పడింది. ఆమె మండలాఫీసులో దరఖాస్తు పెట్టింది. వరి పొట్ట మీద ఉంది. ఇంకా మూడు తడులు కావాలి. సేటు కంచె స్తంభాలు తెచ్చి దించాడు.

“కొలత తేలేదాక కంచె ఆపిన సార్, నేను మనిషిని కాదా?” అన్నాడు సేటు, నేను వెళ్లగానే. “తేలినంక మాత్రం నన్ను ఏమనొద్దు.”

సైదమ్మ నా వంక చూడలేదు, నా చైన్ వంక చూసింది. “సారూ, జర మంచిగ గుంజుర్రి. గా బోరు పోతే నాకు ఇగ ఏం లేదు.”

మా కొలతకు ఆధారం టిప్పన్. ఒక్కో సర్వే నంబరుకు పాతకాలంలో చేత్తో గీసిన కొలతల పటం అది. అందులో లెక్కలు చైన్లలో, అణాల్లో ఉంటాయి. చైన్ ముప్పైమూడు అడుగులు, అందులో పదహారో వంతు అణా, అంటే రెండడుగుల పైచిలుకు.

సేటు పొలం ఈశాన్య మూలన రాయి ఉంది. దానికి పసుపు పూసి, బొట్లు పెట్టి ఉన్నాయి. “ఇదే హద్దు” అని సేటు అన్నాడు, “రాయి అదే సారూ” అని సైదమ్మ కూడా అంది. ఇద్దరూ ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? ఎండ మండుతోంది. ఆ రాయి నుంచే మొదలుపెట్టాను. పోయిన గట్టుకు అవతలి కొసన ఉన్న దక్షిణపు రాయికి గీత కలిపితే బోరు మూడడుగులు సేటు వైపు పడింది. కోదాడ మిషన్ చెప్పింది కూడా అదే.

సైదమ్మ వెళ్లి మోటారు డబ్బా పక్కన కూర్చుంది. పంచనామా రేపు రాస్తానని చెప్పి వచ్చేశాను.

సాయంత్రం ఆఫీసులో కొలతలు డైరీలోకి ఎక్కిస్తుంటే రెండు చోట్ల పెన్ను ఆగింది. సేటు పొలం ఉత్తరపు గీత టిప్పన్‌లో పన్నెండు చైన్లు. నాకు వచ్చింది పన్నెండు చైన్ల నాలుగు అణాలు. ఎనిమిదడుగులు ఎక్కువ! పొలంలో ఉండగా చైన్ వదులైందేమో అనుకుని వదిలేశాను. రెండోది ఇంకా విచిత్రం. టిప్పన్‌లో రెండు పొలాల మధ్య గీత కాస్త పడమరకు వాలి ఉంది. నా కంపాస్ చూపిన మధ్య గీత మాత్రం ముల్లుకు ముల్లుగా ఉత్తరానికే నిలబడింది. పల్లెల్లో ఏ పొలమూ దిక్కులకు అంత నిక్కచ్చిగా ఉండదు. వాగును బట్టి, వాలును బట్టి ఒరుగుతుంది. దిక్కు చూసి గీత గీసేది ఒక్కరే, వాస్తు చూసేవాళ్లు!

మర్నాడు ఏడింటికే పొలంలో ఉన్నాను. మోటారు డబ్బా దగ్గర సైదమ్మను అడిగాను. “ఆ రాయికి పసుపు ఎవరు పూశారు?”

“మా మామ దోస్తు సారూ, గీ సేటు పొలం అప్పుడు ఆయనదే. నేను కొత్తగ కాపురానికొచ్చిన. ఈశాన్యం పెరగాలె, దిక్కులకు సాపు ఉండాలె అని ఎవరో చెప్పిన్రంట. రాయి మా దిక్కు జరిపి పెట్టుకుంటనన్నడు. పెట్టుకో తియ్ రా, గట్టు గట్టుకాన్నే ఉంటది గద అన్నడు మా మామ. కొబ్బరికాయ గూడ కొట్టిన్రు.”

“నిన్న చెప్పలేదేం?”

“మీరు అడగలే గద సారూ!”

నిజమే. నేను అడగలేదు. చైన్‌మన్ మైసయ్య, నా కంటే పెద్దవాడు, పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

అక్కడి నుంచి అరకిలోమీటరు దూరంలో ట్రైజంక్షన్ ఉంది, మూడు ఊళ్ల పొలాలు కలిసే చోట పాతిన రాయి. దాన్ని కదిపే ధైర్యం ఏ ఊరివాడికీ ఉండదు, మిగతా రెండూళ్లు ఊరుకోవు. అక్కడి నుంచి మొదలుపెట్టాం. మైసయ్య చైన్ లాగుతూ బిగ్గరగా లెక్కపెడుతున్నాడు. సేటు చెప్పులు చేత పట్టుకుని వెనకే వస్తున్నాడు. మధ్యలో రెండు పాత రాళ్లు తగిలాయి, రెండూ టిప్పన్‌తో అణా తేడా లేకుండా సరిపోయాయి. చివరి చైన్ ఆగిన చోట మేకు కొట్టాను. పసుపు రాయికి ఎనిమిదడుగులు పడమరగా, సేటు చదును చేసిన నేల మీద!

“ఏమున్నది సార్ గాడ? మన్నే గదా” అన్నాడు సేటు.

“తవ్వు మైసయ్యా.”

పాత సర్వేల్లో కొన్ని చోట్ల రాయి పాతే ముందు గుంటలో బొగ్గులు పోసేవారు. రాయిని ఎవరైనా పీకేయవచ్చు, బొగ్గు కుళ్లదు, దాని జోలికి ఎవరూ పోరు. మా సీనియర్లు చెప్పగా విన్నానే కానీ ఎప్పుడూ కళ్లతో చూడలేదు. మైసయ్య జానెడు తవ్వాడు. ఎర్రమట్టి. మూరెడు తవ్వాడు. ఎర్రమట్టే.

“సార్, ఇగ సాలా?”

“ఇంకొంచెం.”

పార పైకి వచ్చింది. మట్టి నల్లగా ఉంది! మైసయ్య పార పడేసి చేతులతో తోడాడు. పిడికెడు, దోసెడు, పెద్ద పెద్ద ముక్కలు, నిన్న కాల్చినట్టు మెరుస్తున్నాయి.

“బొగ్గులు! సార్, బొగ్గులు!” మైసయ్య అరుపుకి పక్క పొలాల వాళ్లు పరుగెత్తుకొచ్చారు. వయసు మరిచి నేనూ గుంటలోకి దిగాను. అక్కడి నుంచి దక్షిణపు రాయికి తాడు లాగితే బోరు అయిదడుగులు ఇవతల, సైదమ్మ పొలంలో ఉంది.

సేటు ఒక ముక్క తీసుకుని, వడ్ల గింజ చూసినట్టు వేళ్ల మధ్య నలిపి చూశాడు. వేళ్లు నల్లబడ్డాయి.

“నాకు అమ్మినోడు పసుపు రాయే చూపెట్టిండు సార్. వానికీ తెల్వదేమో” అన్నాడు. తర్వాత సైదమ్మ వైపు తిరిగాడు. “మోటర్ ఏసుకో చెల్లే. మడి నెర్రెలిస్తున్నది.”

ఆమె పరుగున వెళ్లి స్విచ్ వేసింది. పైపులోంచి నీళ్లు దూకాయి. బొగ్గుల మీద కొత్త రాయి పాతించి పంచనామా రాశాను, అందరి సంతకాలు అయ్యాయి. పసుపు రాయిని పీకేయమంటావా అని మైసయ్య అడిగితే సైదమ్మ ఒప్పుకోలేదు.

“గాడనే ఉండనియ్యి మావా. మా మామ పెట్టుకొమ్మన్నడు. గిప్పుడు నేనెట్ల తీస్త? హద్దుకు గాదు, మొక్కేతందుకు.”

సేటు తల దించుకుని వెళ్లి, ఆ రాయికి దణ్ణం పెట్టి వచ్చాడు.

ఆ రోజు సాయంత్రం డైరీ చివరి పేజీ తీసి, కార్డినల్ అర్థాల కింద ఇంకొకటి చేర్చాను. ఆ మాటకు మూలం లాటిన్‌లో తలుపు కీలు అని ఎప్పుడో నిఘంటువులో చదివాను. తలుపు ఎటు తిరిగినా కీలు ఉన్న చోటే ఉండాలి. మన ‘కీలకం’లోనూ ఆ కీలే ఉంది. సర్వేయర్ పొలంలో మొదట వెతకాల్సింది అదే, అందరూ వేలు పెట్టి చూపించేది కాదు. దాని కింద ఇంకో వాక్యం రాసుకున్నాను: ‘చైన్ పరిచే ముందు, ఆ నేల మీద ఎక్కువ కాలం నడిచిన మనిషిని అడుగు.’ ఈ ఏటి డైరీలోకి కూడా ఎక్కించాను, కొలిచే పొలం ఏదీ లేకపోయినా.