పోలిక గీత

కళ్ళక్కకి ఆ పేరు పెట్టింది వీధి. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచీ మొగుడి ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని ఆవిడ చేసిన పని ఒక్కటే, మూసుకుపోయిన కళ్ళు తెరవడం. ఫ్లాష్ పడగానే రెప్ప వాల్చేసిన పెళ్ళికొడుకులు, బతికినంతకాలం ఒక్క ఫొటోకీ నిలబడక, పోయాక పడుకోబెట్టి తీయించుకున్న ముసలివాళ్ళు, అందరి కళ్ళూ ఆవిడ చేతిమీదుగా తెరుచుకున్నవే. మొదట్లో సన్న బ్రష్షుతో తెరిచేది, తర్వాత మౌసుతో. "కళ్ళక్క చెయ్యి పడితే చచ్చినవాడు కూడా తేరిపార చూస్తాడు" అని వీధిలో వేళాకోళం. ఆవిడ మాత్రం దాన్ని పొగడ్తగానే తీసుకునేది.

మొగుడు పోయాక స్టూడియో మరిది చేతికి వచ్చింది. మరిది చెడ్డవాడు కాదు, కాళ్ళ కింద నిప్పులు పోసుకున్నట్టుండే మనిషి, అంతే. బొమ్మలు పుట్టించే ఏఐ ఒకటి తెచ్చి వదిన కంప్యూటర్లో పెట్టాడు.

"ఇంక నువ్వు గీయక్కర్లేదు వదినా. ఏం కావాలో ఇక్కడ రాయి, అదే గీసి ఇస్తుంది."

తెర మీద పైన ఒక డబ్బా, అందులో కావలసింది రాయాలి. కింద ఇంకో డబ్బా, అందులో వద్దనుకున్నది రాయాలి. పక్కన అటూ ఇటూ జరిపే గీతలు రెండు. మొదటిది యంత్రం తన సొంత తెలివి ఎంత వాడాలో చెప్పేది. కళ్ళక్క దానికి పెత్తనం గీత అని పేరు పెట్టుకుంది. రెండోది మనం ఇచ్చిన ఫొటోకి ఎంత కట్టుబడి ఉండాలో చెప్పేది; అది పోలిక గీత. ఒక కమాండు ఇస్తే నాలుగు బొమ్మలు వస్తాయి. నచ్చకపోతే మళ్ళీ నాలుగు. దానికి విసుగూ లేదు, ఆకలీ లేదు.

వీటన్నిటికీ అడుగున 'ముఖం సరిచెయ్యి' అని చిన్న గడి ఉండేది. దానికి టిక్కు ఎప్పుడూ పడే ఉంటుంది, ఎవరూ తీసిన పాపాన పోలేదు. స్కూలు పిల్లలు స్టూడియోకి వచ్చి గుర్తింపు కార్డుల ఫొటోలు దిగారంటే క్లాసు క్లాసంతా ఒకేసారి అందులో పోసి, కళ్ళక్క టీ తాగి వచ్చేసరికి మొటిమలు మాయం, మచ్చలు మాయం, వంకర పళ్ళు తిన్నగా తయారు. ఇదివరకు మసిపూసి మారేడుకాయ చేయాలన్నా ఒక్కొక్కళ్ళకీ చేయాల్సి వచ్చేది. ఇప్పుడు టోకున అయిపోతోంది. తల్లిదండ్రులు మురిసిపోయారు, స్కూలు వాళ్ళు మెచ్చుకున్నారు. ఇందులో తప్పేముందని ఎవరికీ తోచలేదు.

బట్టలు కుట్టే ఆవిడ వచ్చింది ఆ తర్వాతే. రెండు వీధుల అవతల ఇల్లు. కూతురు జ్వరంతో పోయింది. ఫోన్ తీసి కళ్ళక్క చేతిలో పెట్టింది.

"మా చిట్టి ఫొటో గోడకి పెట్టుకోవాలక్కా. కళ్ళు తెరిచి ఉండాలి."

కళ్ళక్క వరసగా చూసింది. మెట్ల మీద చిట్టి, కళ్ళు మూసుకుని. కుట్టుమిషన్ పక్కన చిట్టి, కళ్ళు మూసుకుని. నాన్న భుజం మీద చిట్టి, గట్టిగా బిగించిన రెప్పలతో.

"ఒక్కదాంట్లో కూడా తెరవలేదేంటమ్మా?"

"ఒకటుంది." కుట్టే ఆవిడ సంచీలోంచి స్కూలు కార్డు తీసింది. "ఇది మీరు తీసిందే. కానీ ఇది మా పిల్ల కాదు."

కార్డులో పిల్ల కళ్ళు తీర్చిదిద్దినట్టున్నాయి.

"దానికి మెల్లకన్ను. ఇందులో లేదు. ఈ కార్డు చూసి క్లాసులో పిల్లలు, ఇది నువ్వు కాదు, నీ కన్ను ఇలా ఉండదు, ఎవరి కార్డు కొట్టేశావే అని ఒకటే ఏడిపించారట. ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ ఎత్తినా కళ్ళు మూసేసేది. మాకు ఈ ఫోన్ వచ్చిందే ఆ తర్వాత."

ఆ టిక్కు, ఆ టీ కళ్ళక్క కళ్ళముందు మెదిలాయి. అసలు ఫొటో ఉందేమోనని ముందు గదిలోకి పరిగెత్తింది. మరిది తల కూడా ఎత్తలేదు. "స్కూలు ఫొటోలా? కార్డులు ఇచ్చేయగానే తుడిచేస్తాం కదా వదినా. కంప్యూటర్లో చోటెక్కడిది?"

తిరిగొచ్చి కూర్చుంది. "తప్పు మాదేనమ్మా. మిషనుకి వదిలేశాను. అది కన్ను తిన్నగా చేసేసింది."

"మీరేం చేస్తారక్కా. అందరికీ అలాగే చేస్తారుగా," అంది కుట్టే ఆవిడ.

ఆవిడ నోటికొచ్చినట్టు తిట్టి ఉంటే కళ్ళక్కకి కాస్త ఊపిరాడేది.

"ఏ కన్నమ్మా?"

కుట్టే ఆవిడ ఆలోచించకుండా తన ఎడమ కన్ను కింద వేలు పెట్టింది. "ఇదే. ముక్కు వైపు లాగేది. అలసిపోతే ఇంకా ఎక్కువ."

కళ్ళక్క మెట్ల మీది ఫొటో ఎక్కించి, పై డబ్బాలో రాసింది: అదే పిల్ల, కళ్ళు తెరిచి ఉండాలి, ఎడమ కన్ను మెల్ల. కింది డబ్బాలో రాసింది: తిన్నని చూపు వద్దు, నవ్వు వద్దు, అందం వద్దు. అడుగున టిక్కు తీసేసింది. నాలుగు బొమ్మలు వచ్చాయి. నాలుగింటిలోనూ కళ్ళు బాణంలా తిన్నగా ఉన్నాయి. పెత్తనం గీతని సున్నాకి లాగింది. అవే కళ్ళు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంది యంత్రం. మెల్ల, మెల్ల, మెల్ల అని గట్టిగా రాస్తే రెండు కళ్ళూ ముక్కు దగ్గర కలిపేసి, పిల్లని సర్కస్ బఫూన్ని చేసి పెట్టింది. తల్లి మొహం తిప్పుకుంది.

ఇక పోలిక గీత పట్టుకుంది. దాన్ని పెంచితే నుదుటి మీద గాటు, బిగించిన పెదాలు, ఒక చెవి వెనక్కి దోపిన జుట్టు, అన్నీ చిట్టివే. కళ్ళు మాత్రం మూసుకుపోయేవి. తగ్గిస్తే కళ్ళు తెరుచుకునేవి, ఎవరి పిల్లో వచ్చి కూర్చునేది. మధ్యలో ఆపితే రెప్పలు సగం వాలి, తెల్లగుడ్డు సన్నగా కనిపించింది.

"అది వద్దక్కా!" కుట్టే ఆవిడ స్టూలు మీంచి లేచిపోయింది. "ఆస్పత్రిలో చివర అలాగే ఉంది."

అయినా మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కుట్టుమిషను మూయగానే వచ్చి స్టూలు మీద కూర్చునేది. కళ్ళక్క మాట మార్చి రాస్తుంది, గీత జరుపుతుంది, నాలుగు వస్తాయి, తల్లి కళ్ళలో వత్తులు వేసుకుని చూసి తల అడ్డంగా ఊపుతుంది. మళ్ళీ నాలుగు. ఎంతమంది చిట్టిలు పుట్టి చెరిగిపోయారో లెక్కలేదు. కొన్నిటి దగ్గర తల్లి ఆగి, "ఇలాగే ఉండేదేమో" అనేది. మొదట్లో ఆవిడ నోట ఆ 'ఏమో' లేదు. కళ్ళక్క అది పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే అప్పుడే ఆపేసేది.

చివరికి కమాండులకి ఓ దండం పెట్టి పాత విద్యకి దిగింది. ఉన్నవాటిలో చిట్టికి దగ్గరగా ఉన్న మొహం తీసుకుని, మౌసుతో ఎడమ కంటి నల్లగుడ్డు కత్తిరించి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి చొప్పున ముక్కు వైపు జరిపింది. ఈసారి మెల్ల వచ్చింది. తెర మీంచి ఒక పిల్ల ఒక కన్నుతో మనల్ని, రెండో కన్నుతో పక్కనెవరినో చూస్తోంది. కళ్ళక్కకి ఏడుపొచ్చింది.

ఆ రోజు కుట్టే ఆవిడ వెంట మొగుడు కూడా వచ్చాడు, లారీ నడిపే మనిషి. తెర చూసి నొసలు ముడిచాడు.

"కుడి కన్ను కదే?"

"ఎడమే," అంది భార్య.

కళ్ళక్క గుడ్డు మార్చి కుడి కంటికి మెల్ల పెట్టి చూపించింది. తల్లి తెర దగ్గరికి వంగింది. "ఏదీ, ముందుది చూపించండి." చూపించింది. "రెండోది?" చూపించింది. అటూ ఇటూ మారుతున్న కొద్దీ ఆవిడ మొహంలో నెత్తురు తగ్గిపోయింది.

"మొదటి రోజు మీరు ఎడమ కన్ను కింద వేలు పెట్టారమ్మా. నాకు బాగా గుర్తు."

"పెట్టానా? మరి అది ఎదురుగా నిలబడితే నాకు ఎటువైపు కనిపించేదో, అలా చూపించానా? దాని వైపు నుంచి చూపించానా?" తల పట్టుకుంది. "ఇన్ని బొమ్మలు చూశాక నాకు మా పిల్ల కన్ను పోయిందక్కా. ఎంత తలుచుకున్నా ఇవే వస్తున్నాయి."

"నువ్వు చెప్పవయ్యా," అంది మొగుడితో. "నువ్వైనా చెప్పు."

"నేను ఆ కన్ను వంక చూసేవాణ్ణి కాదే. చూస్తే చిన్నబుచ్చుకుంటుందని ఎప్పుడూ రెండో కన్నే చూసి మాట్లాడేవాణ్ణి."

"ఆ రెండోది ఏది?"

అతను గోడకేసి తిరిగాడు.

కళ్ళక్క తనకేమైనా గుర్తుందా అని వెతుక్కుంది. ఫొటో రోజున ఆ పిల్ల ఈ స్టూలు మీదే కూర్చుంది. "గడ్డం పైకెత్తమ్మా" అని ఈ చేత్తోనే ఎత్తింది. కళ్ళు చూడటమే బతుకుతెరువైన మనిషికి ఒక్క కన్ను గుర్తు రాలేదు.

కుట్టే ఆవిడ అంది, "మూసెయ్యండక్కా."

"కంప్యూటరా?"

"కళ్ళు. దాని కళ్ళు మూసెయ్యండి. తప్పు కన్ను పెట్టి రోజూ దాని ముందు నిలబడలేను."

కళ్ళక్క పోలిక గీతని చివరికంటా లాగింది. నుదుటి మీద గాటు తిరిగొచ్చింది, పెదాలు బిగిశాయి, రెప్పలు గట్టిగా వాలాయి. "అదిగో, ఇది మా చిట్టే," అంది తల్లి. తండ్రి భోరున ఏడ్చాడు.

ప్రింటు తీసి, ఫ్రేము కట్టి, కాగితంలో చుట్టి ఇచ్చింది. అది మొదటి రోజు ఆ తల్లి తెచ్చిన మెట్ల మీది ఫొటోయే, కాస్త పెద్దదయింది, అంతే. కానీ వచ్చిన రోజు ఆవిడ దగ్గర ఫొటోతో పాటు ఆ కన్ను కూడా ఉంది. వెళ్ళేటప్పుడు ఫొటో ఒక్కటే ఉంది.