వాలుదారికి ఒక హబ్బు

కళ్ళద్దాల దుకాణం వెనకగదిలో, సానరాయి పక్కన ఆవిడ కూర్చునే చోటు ఎప్పుడూ కాస్త తడిగా ఉంటుంది. రాయి తిరుగుతున్నంతసేపూ దాని మీద సన్నగా నీళ్ళు పడుతుంటాయి. గుండ్రటి అద్దం బిళ్ళను బొటనవేళ్ళ మధ్య పట్టుకుని, ఫ్రేములో ఇమిడే ఆకారం వచ్చేదాకా అంచు అరగదీస్తుంది. మధ్యమధ్య రాయి నుంచి తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ ఆనిస్తుంది. ఈ పనిలో చేరిన కొత్తలో ఆవిడకు నడుం దాకా జడ ఉండేదట. ఇప్పుడు జుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, తెల్లబడేది తెల్లబడనీ అని వదిలేసింది. బజారులో అందరికీ ఆవిడ కళ్ళద్దాలమ్మే. అసలు పేరు ఎవరూ అడగరు. అడిగితే తనే కాసేపు ఆలోచించుకోవాలేమో అని నవ్వుతుంది.

నా కళ్ళజోడు కాడలు వదులైనప్పుడల్లా నేను ఆ వెనకగదిలో స్టూలు మీద కూర్చుంటాను. ఈ కథ అక్కడే ముక్కలు ముక్కలుగా విన్నాను. సానరాయి చప్పుడుకు కొన్ని ముక్కలు కొట్టుకుపోయాయి కూడా.

ఆవిడకు రోజు మొత్తంలో ఇష్టమైనది సాయంత్రం ఇంటికి వెళ్ళే దారి. దుకాణం కట్టేశాక సైకిలెక్కి, వంతెన దాటితే, నది గోడ వెంబడి పొడుగాటి వాలు వస్తుంది. వాలు పైన ఒక్క నిమిషం ఆగి, కళ్ళద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుంటుంది. అద్దాలు లేని ఆ కాసేపు, ఎదుటి ఒడ్డున అప్పుడే వెలుగుతున్న దీపాలన్నీ ఉబ్బి, ఇంకా సాన పట్టని బిళ్ళల్లా గుండ్రంగా తేలుతాయి. తిరిగి పెట్టుకోగానే అన్నీ బుద్ధిగా తమ తమ కిటికీల్లోకి వెళ్ళి కూర్చుంటాయి. అప్పుడు పెడలు మీద కాలు వేస్తుంది. ఒక్క తొక్కు చాలు, ఇక తొక్కక్కర్లేదు. కాళ్ళు ఊరుకుంటాయి, చక్రాలు పోతుంటాయి, వెనక ఫ్రీవీలు టిక్కు టిక్కుమంటుంది. ఎవరో పక్కనే కూర్చుని ఏ తొందరా లేకుండా చిక్కుడు గింజలు గిన్నెలో వేస్తున్నట్టు ఉంటుందట ఆ చప్పుడు.

"అప్పుడు ఏం ఆలోచిస్తారు?" అని అడిగాను.

"ఆలోచించను. ఊరంతా నా అద్దాల్లోంచి చూస్తున్నట్టుంటుంది. ఆ బేకరీ ఆయన కళ్ళు, ఆ బడి పంతులమ్మ కళ్ళు, అందరివీ నేను అరగదీసినవే కదా. వాళ్ళు చూసేదంతా కొంచెం కొంచెం నాకూ కనిపిస్తున్నట్టు... ఏమో, ఇట్లా చెప్తే మా వదిన పిచ్చంటుంది."

వదిన అంటే భర్త అక్కగారు. భర్త పోయాక ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండిపోయారు. వదిన ఇంట్లోనే పాత గొడుగులకు కొత్త బట్ట కుడుతుంది. నోరు మాత్రం చేతికంటే వేగం. మరదలి ఫ్రీవీలు చప్పుడు వీధి మలుపులో వినపడగానే పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టడం, తలుపు తీయడం, "ఏమే, ఇప్పుడా రావడం!" అనడం మూడూ ఒకేసారి జరిగిపోతాయి.

ఏళ్ళ తరబడి నీళ్ళలో నానిన వేళ్ళు రెండేళ్ళ కిందట మొరాయించాయి. కణుపులు వాచాయి. కళ్ళజోడులో ఆవగింజంత మర బిగించడానికి ఇబ్బంది లేదు. పిడికిలి బిగించడమే కుదరడం లేదు. సైకిలు గేరు మీట జరపలేకపోతోంది. బ్రేకు పట్టీ సగం నొక్కేసరికి వేళ్ళు జారిపోతున్నాయి. ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోయినా ఒకనాటి సాయంత్రం బయటపడింది. వాలు కింద మలుపులో లాండ్రీ ఉంది. ఉతికి ఆరేసి మడతపెట్టిన దుప్పట్ల బుట్టలు వాళ్ళు గుమ్మం బయట పేరుస్తారు. బ్రేకు పడలేదు. సైకిలు నేరుగా ఆ బుట్టల్లోకి వెళ్ళింది. లాండ్రీ ఆయన పరుగెత్తుకొచ్చేసరికి తెల్లదుప్పట్ల కింద ఏదో కదులుతోంది.

"ఎవరమ్మా లోపల?" అన్నాడట ఆయన.

"నేనేనయ్యా, కళ్ళద్దాలమ్మని."

"దెబ్బ తగిలిందా?"

"లేదు. మెత్తగా ఉంది."

"మెత్తగానే ఉంటాయమ్మా, ఇప్పుడే ఇస్త్రీ చేశాం! ఇప్పుడు మళ్ళీ ఉతకాలి!"

ఆ కబురు ఆవిడకంటే ముందే ఇల్లు చేరింది. వదిన గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "రేపటి నుంచి బస్సెక్కు. ఆ సైకిలు లాండ్రీ ఆయనకి ఇచ్చెయ్, బుట్టలు మోసుకుంటాడు."

"బస్సు వాలు మీదుగా పోదు వదినా."

"పోకపోతే ఏం? వాలు నీకేమైనా పెడుతోందా?"

ఆవిడ సైకిలు హ్యాండిలు వదల్లేదు. చివరికి వదినే మెత్తబడి, "సరే, ఆ సైకిలు దుకాణం బాబాయ్ దగ్గరకి పట్టుకెళ్ళు. వేళ్ళతో పని లేకుండా ఆగేట్టు చేస్తే తొక్కు. ఇంకొక్కసారి పడ్డావా, సైకిలు లాండ్రీకి. మాట ఇవ్వు" అంది. ఆవిడ మాట ఇచ్చింది.

బాబాయ్ సైకిలు దుకాణం ఒక మేడమెట్ల కింద ఉంటుంది. నిటారుగా నిలబడలేనంత చిన్నది. చక్రాలన్నీ పైనుంచి వేలాడుతూ, ఎవరైనా మెట్లెక్కితే మెల్లగా ఊగుతుంటాయి. యాభై దాటినా ఆవిడ ఆయనకు అమ్మాయే.

"గేర్లన్నీ పీకేద్దాం అమ్మాయ్," అన్నాడు ఆయన సైకిలు తలకిందులు చేసి. "ముందొక పళ్ళచక్రం, వెనకొకటి. ఒకే వేగం. మీటల గొడవ ఉండదు. ఇంక తేలాల్సింది వెనక హబ్బు. నువ్వెట్లా ఆగుతావన్నది దాన్ని బట్టే ఉంటుంది."

హబ్బు అన్న మాట దగ్గర ఆవిడ కథ చెప్పడం ఆపి, నాకు అర్థమైందో లేదో చూసింది. చక్రం నడుమ, చువ్వలన్నీ వచ్చి కలిసే ఆ లోహపు డొల్లే హబ్బు. ఇరుసు దాని లోపల ఉంటుంది. నేను తలాడించాక మళ్ళీ మొదలుపెట్టింది.

బాబాయ్ తీసిన మొదటి హబ్బుకు రెండు పక్కలా పళ్ళచక్రం బిగించే మరలు ఉన్నాయి. ఒక పక్క మామూలు ఫ్రీవీలు. కాళ్ళు ఆపినా చక్రం పోతుంది, టిక్కుటిక్కు చప్పుడుతో. రెండో పక్క కదలకుండా బిగించే పళ్ళచక్రం. అది పెడితే చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళూ తిరగాల్సిందే. కాళ్ళు నిదానిస్తే సైకిలూ నిదానిస్తుంది. చక్రం విప్పి తిప్పి బిగిస్తే ఏ పక్క కావాలంటే ఆ పక్క.

"నీకు ఈ బిగింపు పక్కే మేలు. వేళ్ళతో పనే లేదు, కాళ్ళే బ్రేకులు," అన్నాడు. ముందు బ్రేకు ఒక్కటి అక్కరకు ఉంటుందని ఉంచాడు.

మొదటి సాయంత్రం వంతెన మీద అంతా బాగానే ఉంది. కాళ్ళు నిదానిస్తే చక్రం మాట విన్నది. వాలు పైన ఆగింది. అద్దాలు తుడుచుకుంది. ఎదుటి ఒడ్డు దీపాలు ఉబ్బాయి, సర్దుకున్నాయి. బయల్దేరింది. గాలి చెవుల్లో దూరింది. బేకరీ ఆయన కళ్ళు, పంతులమ్మ కళ్ళు... ఇన్నేళ్ళ అలవాటున కాళ్ళు వాటంతట అవి ఊరుకున్నాయి.

పెడళ్ళు ఊరుకోలేదు. కింది నుంచి ఎవరో అరికాలు పట్టుకుని ఎత్తినట్టు ఆవిడను సీటు మీద నుంచి లేపేశాయి. హ్యాండిలు ఎటు తిరిగిందో తెలియదు. తెలిసేసరికి గోడవార గడ్డిలో ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది, దాంతోపాటు పెడళ్ళూ, తమ తప్పేమీ లేనట్టు.

వదిన చీరకంటిన గడ్డి పరకలు చూసింది. "పడ్డావు."

"పడలేదు వదినా. కూర్చున్నాను."

"సైకిలు దిగకుండానే కూర్చున్నావా?"

"అది కూడా నా పక్కనే కూర్చుంది."

వదిన మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. మళ్ళీ ఇటు తిరిగేసరికి మొహం గంభీరంగానే ఉంది. "కూర్చోవడం పడటం కిందికి రాదంటావు?"

"రాదు."

"సరే, ఈ ఒక్కటీ వదిలేశా. ఈసారి గడ్డి కనపడిందో, ఇంక నువ్వూ నీ మాటలూ!"

మర్నాడు బాబాయ్ కథంతా విని తల గోక్కున్నాడు. "కాళ్ళ సంగతి చూశాను గానీ అమ్మాయ్, నీ బుర్ర గాల్లో తేలుతుందని మరిచాను. పోనీ, వాలు దగ్గర మాత్రం మనసు పెట్టి తొక్కలేవా?"

"మనసు పెట్టి తొక్కడానికైతే బస్సే ఎక్కేదాన్ని కదా బాబాయ్."

ఫ్రీవీలు పక్కకు తిప్పుదామంటే బ్రేకు పట్టీ నొక్కే వేళ్ళు లేవు. బిగింపు పక్క పెడదామంటే ఊరుకునే కాళ్ళు. ఇద్దరూ చెరో డబ్బా మీద కూర్చుండిపోయారు. పైన ఎవరో మెట్లెక్కారు, చక్రాలు ఊగాయి. అప్పుడు కనపడింది ఆవిడకు, మూలన మేకుకు వేలాడుతున్న లావాటి హబ్బు. దాని పక్కన జానెడు ఇనుప పట్టీ చెయ్యిలా చాచి ఉంది.

"అదేంటి బాబాయ్?"

"అదా? వెనక్కి తొక్కితే ఆగేది. బ్రేకు దాని కడుపులోనే ఉంటుంది. నీకు చూపించలేదు ఎందుకంటే..." ఆయన లేచి దాన్ని దించి, దుమ్ము ఊదాడు. "బోలెడు బరువు. పైగా ఆగాక పెడలు వెనక్కి తిప్పి సరిచేసుకోలేవు. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మళ్ళీ తొక్కాలి."

"కాళ్ళు ఊరుకుంటే?"

"ఊరుకోవచ్చు. నువ్వు వెనక్కి నొక్కేదాకా దాని పాటికది పోతుంది."

ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇరుసు పట్టుకుని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుంది. మళ్ళీ తిప్పింది. ఏమీ వినపడలేదు. నూనెలో ఇనుప గుళ్ళు దొర్లుతున్న మెత్తదనం మాత్రం వేళ్ళకు తెలుస్తోంది.

"టిక్కుమనదే?"

"అనదు. అదొక్కటే దీంట్లో లేనిది."

ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ సానరాయి ఆపేసింది. "మీకు నవ్వులాటగా ఉంటుంది గానీ, ఆ చప్పుడు లేకుండా నేనెప్పుడూ వాలు దిగలేదు. హబ్బు ఒళ్ళో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. చప్పుడు కావాలా, వాలు కావాలా అని నన్ను నేనే అడిగాను. వాలే పోయాక చప్పుడు ఎక్కడ వింటాను?"

హబ్బు ఆయన చేతికిచ్చి, "ఇదే పెట్టండి బాబాయ్," అంది.

చువ్వలన్నీ కొత్తగా అల్లి చక్రం కట్టడానికి ఆయనకు మధ్యాహ్నం దాకా పట్టింది. గేర్ల కోసం చేసిన ఫ్రేములో వెనక సందు వెడల్పు, హబ్బు సన్నం. రెండు వైపులా ఇరుసుకు వాషర్లు వేశాడు. చైను ముందు పళ్ళ నుంచి వెనక పళ్ళకు తిన్నగా రావాలి. ఆవిడ ఒక కన్ను మూసి, కళ్ళజోడు కాడలు సమంగా ఉన్నాయో లేదో చూసే తీరున వెనక నుంచి చూసి, "ఎడమకు గోరంత" అంది. ఆయన ఒక వాషరు అటు నుంచి తీసి ఇటు వేశాడు. చివరికి ఆ చాచిన ఇనుప చేతిని ఫ్రేము కడ్డీకి పట్టీ వేసి బిగించాడు. "బ్రేకు వేసినప్పుడు హబ్బు గిర్రున తిరక్కుండా పట్టుకునేది ఈ చెయ్యే. ఇది వదులైందంటే బ్రేకు లేనట్టే. వారానికోసారి ముట్టుకుని చూసుకో."

ఆ సాయంత్రం వాలు పైన ఆవిడ మామూలుకంటే ఎక్కువసేపు అద్దాలు తుడుచుకుంది. తర్వాత ఒక్క తొక్కు తొక్కి, కాళ్ళు ఆపింది.

చప్పుడు లేదు. మొదట సైకిలే లేనట్టు భయం వేసింది. తర్వాత, టిక్కుటిక్కు ఉండే చోట్లో ఒక్కొక్కటే వచ్చి చేరాయి. గోడ అవతల నీళ్ళు రాతిని నాకుతున్న చప్పుడు. పైన ఏదో కిటికీలో గిన్నె కడుగుతున్న చప్పుడు. తన చీర కొంగు గాలికి కొట్టుకునే చప్పుడు, అది కూడా కొత్తే. దీపాలు పక్కల నుంచి జారిపోతున్నాయి. బేకరీ ఆయన, పంతులమ్మ, ఇంకా ఎవరెవరో, వాళ్ళ చూపులన్నీ ఆవిడను మోసుకుని మెల్లగా కిందికి దించుతున్నాయి.

లాండ్రీ ఆయన దూరం నుంచే చూసి, రెండు చేతులతో బుట్ట ఎత్తి గుండెలకు హత్తుకున్నాడు.

ఆవిడ కుడికాలితో వెనక్కి నొక్కింది. ఎవరో భుజం మీద చెయ్యి వేసి ఆగమన్నట్టు సైకిలు నిదానించి, బుట్టలకు అడుగు దూరంలో ఆగింది.

"ఆగిందే!" అన్నాడు ఆయన.

"బుట్ట దించుకో నాయనా," అంది ఆవిడ.

ఇంటి వీధి మలుపు తిరిగింది. ఏ చప్పుడూ ముందు వెళ్ళలేదు. తలుపు తెరుచుకోలేదు. కిటికీ దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో పాడుతున్నారు. మాటలు లేవు, ఉత్త రాగమే. సన్నగా, ఒక చోట ఎత్తుకుని, పైకి పోయి, కాసేపు అక్కడే తేలి, తొందరేమీ లేకుండా కిందికి దిగుతోంది. ఆవిడ వెనక్కి నొక్కింది. సైకిలు కిటికీ కిందే నిలిచింది.

వదిన. గొడుగు బట్ట కుడుతూ పాడుతోంది. ఒక్క ఇంట్లో ఇన్నేళ్ళు ఉండి ఆ గొంతు ఆవిడ ఎన్నడూ వినలేదు. రోజూ వీధి మలుపులో ఫ్రీవీలు వినపడగానే అది ఆగిపోయేదన్నమాట.

ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టుకుని, చక్రం కదలకుండా అట్లాగే నొక్కిపట్టి రాగం అయ్యేదాకా విన్నది. అయ్యాక చప్పుడు కాకుండా సైకిలు వెనక్కి నడిపించుకుని మలుపు దాకా వెళ్ళింది. ఎక్కి, బొటనవేలితో గంట కొట్టింది.

తలుపు తెరుచుకుంది. "ఏమే, ఇప్పుడా రావడం!" వదిన ఆవిడ చీరను పైనుంచి కింది దాకా చూసింది. "గడ్డి లేదు. ఆగిందా?"

"ఆగింది వదినా."

"ఎక్కడ?"

"నాకు కావలసిన చోట."

"సరే, ఇంక లాండ్రీ ఆయనకు బుట్టలు మోసే యోగం లేదన్నమాట," అని వదిన టీ నీళ్ళు పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు రోజూ కిటికీ కింద కాసేపు ఆలస్యమవుతుంది. వదిన అడిగితే హబ్బు కొత్తది, సర్దుకోవాలి అని చెప్తుందట. అది పెట్టి రెండేళ్ళయింది.