అవ్వ ఒడి

అవ్వ, అంటే మా అమ్మ, ఏడాది మాసికానికి తమ్ముడు ఇచ్చోడలో ఫొటో చేయించాడు. ఆధార్ కార్డులోని ముఖం తీసి, స్టూడియో అతను దాని కింద ఎర్ర పట్టుచీర, మెడలో బంగారు గొలుసులు అతికించాడు. మా వైపు ఏ ఇంటి గోడ మీద చూసినా పోయినవాళ్లంతా ఇలాగే ఉంటారు. మగవాళ్లకు కోటు, ఆడవాళ్లకు పట్టు. భుజాలు మాత్రం అందరికీ ఒకటే.

అవ్వ పట్టు కట్టగా నేనెన్నడూ చూడలేదు. నేత చీరను గోచి పోసి కట్టి, కొంగును నడుముకు ఒడిలా ముడేసుకుని బతుకంతా పత్తి ఏరింది. పత్తి తేలికంటారు. పొద్దుగూకేసరికి ఆ ఒడి ఆమెను ముందుకు వంచేది.

నేను పత్రికలో బొమ్మలు గీసే పనిచేసి రిటైరయ్యాను. ఫొటో కింద తప్పు పేరు పడితే మరునాడు సవరణ వేసేవాళ్లం. ఇక్కడ మనిషే తప్పు పడింది.

కరీంనగర్‌లో నా దగ్గర అవ్వ చీర ఒకటుంది. ఎండిన పత్తికాయల డొప్పలు గీరి పోగులు లేచిన ఆకుపచ్చ చీర. బొమ్మ గీద్దామని దండెం మీద వేస్తే ఉతికిన బట్టలా ఉంది. కుర్చీకి చుడితే కుర్చీలాగే ఉంది. చివరికి గోడ మేకులకు తగిలించి, కొంగు ముడేసి, ఒడిలో బియ్యం పోశాను. ముడతలన్నీ భుజం దగ్గర మొదలై బిగుసుకుంటూ ఒడిలోకి దిగాయి. బట్ట బరువు మోస్తోంది. దాన్నే గీశాను. ముఖం గీయరాక వదల్లేదు. అక్కర్లేక వదిలాను.

మాసికం పొద్దున ఆ బొమ్మను తమ్ముడి ఇంటి ముందు గదిలో, ఫొటో కోసం కొట్టిన మేకుకు తగిలించాను.

"గిదేంది అక్కా? ముఖమేది?" అన్నాడు.

"ఉన్నదంత అవ్వనే. మంచిగ చూడు."

"వచ్చినోళ్లు ఇల్లా, బట్టల దుకాణమా అని అడుగుతరు. ఊరంత నవ్వుతది."

"నవ్వనియ్యి."

"నా ఇంటి గోడ మీద నీ పెత్తనమేంది?"

"గోడ నీదే. అవ్వ ఇద్దరిదీ."

అవ్వ చెల్లెలు, మా చిన్నవ్వ, అప్పుడే వచ్చింది. గోడెక్కక కుర్చీలోనే ఉన్న ఫొటోను చూసి, "గీ షావుకారి ఎవలు బిడ్డా?" అంది. ఆమె బొమ్మ దగ్గరికి నడిచి, ఒడి కింద అరచెయ్యి ఆనించింది.

"జర ఒడి దించుమనరాదే మా అక్కను. నడుం గుంజుతుంటది."

తమ్ముడు చాలాసేపు ఆ చేతి వైపే చూశాడు. తర్వాత బంతిపూల దండ పట్టుకొచ్చి బొమ్మ ముందు ఆగాడు.

"ఏడెయ్యాలె? మెడ లేదు కద."

"ఎయ్యకు," అన్నాను. "పనిల ఉన్నది. అడ్డమొస్తది."