యేసుదాసన్న చూసొచ్చేదాకా

తన కళ్లతో చూసి, వీలైతే చేత్తో ముట్టుకుంటే తప్ప మా యేసుదాసన్న ఏ వార్తా రాయడు. వాన పడిందని రాయాలన్నా బయటికెళ్లి, చెయ్యి చాపి, తడిసిన అరచేతిని ఓసారి చూసుకొచ్చి మరీ రాసే రకం. బోథ్ మండలానికి ఇరవై ఆరేళ్లుగా మా పేపర్ విలేకరి. ఆదిలాబాద్ ఆఫీసులో కూర్చుని ఆ వార్తలు దిద్దే సబ్ ఎడిటర్‌ని నేను. పేపరంటే తెల్లారి ఇంటి ముందు పడేదే అయిన రోజుల్లో ఈ అలవాటుతో పెద్ద ఇబ్బంది ఉండేది కాదు. సాయంత్రంలోపు ఎప్పుడు చూసొచ్చినా సరిపోయేది.

తర్వాత కాలం మారింది. పన్నెండు జిల్లా పేజీలు నాలుగయ్యాయి. ఆ నాలుగింటిలో రెండు ప్రకటనలకే పోయేవి. మిగతా వార్తలన్నీ ఫోన్లో యాప్‌లోకి చేరాయి. కరీంనగర్ నుంచి శ్యాంసుందర్ అనే ఆయన డిజిటల్ ఇన్‌చార్జిగా దిగాడు. మొదటి మీటింగ్‌లోనే బోర్డు మీద మనిషంత ఎత్తున 5 అంకె వేశాడు.

"జరిగినంక ఐదు నిమిషాల్ల వార్త యాప్‌ల ఉండాలె. ఆరో నిమిషానికి వస్తే అది వార్త కాదు, చరిత్ర."

వెనక వరుసలోంచి యేసుదాసన్న చెయ్యెత్తాడు. "సార్, బోథ్ నుంచి సొనాలకే ఇరవై నిమిషాలు. ఐదు నిమిషాల్ల ఎట్ల సూసొస్తం?"

"పోవుడెందుకే అన్నా? ఫోన్ చెయ్."

"ఫోన్ల ఎట్ల ముట్టుకుంటం సార్?"

శ్యాంసుందర్ దిమ్మెరపోయి నా వైపు చూశాడు. నేను ఫ్యాన్ వైపు చూశాను.

ఆ వారమే సొనాల దగ్గర లారీ బోల్తా పడిందని ఫోన్లన్నీ మోగిపోయాయి. అన్ని చానళ్లలోనూ వచ్చేసింది, మా యాప్‌లో తప్ప. రెండు గంటల తర్వాత యేసుదాసన్న వార్త పంపాడు. శీర్షిక: 'సొనాల వద్ద బోల్తా పడని లారీ'. కింద వివరాలు: టైరు మార్చడానికి జాకీ పెట్టి లేపారు. లారీ పక్కకు ఒరిగినట్టు కనిపించింది. డ్రైవర్ క్షేమం, చాయ్ తాగుతున్నాడు. లారీని నెట్టి చూడగా కదల్లేదు.

"జరగనిది వార్త ఎట్లయితదే అన్నా?" శ్యాంసుందర్ గొంతు కీచుమంది.

"జరిగిందని అందరు రాసిన్రు గద సార్. జరగలేదన్నది మనకొక్కరికే తెలుసు. గిది ఎక్స్‌క్లూజివ్."

పోనీ వీడియోలన్నా తీస్తాడని నేర్పించాం. పత్తి రైతుల ధర్నాకు పంపితే పదకొండు నిమిషాల వీడియో వచ్చింది. మొదటి నాలుగు నిమిషాలూ చొక్కా జేబులోని చీకటి. ఆ తర్వాత తెర మీద ఒక చూపుడువేలు జనం మీదుగా మెల్లగా సాగిపోతోంది.

"ఏందన్నా గా వేలు?"

"రెండు వందల మంది అన్నరు సార్. ఒక్కొక్కల్ని లెక్కవెట్టిన. నూట ముప్పై ఏడు. అండ్ల ఒకాయన చాయ్ తాగెతందుకు వచ్చిండట. ఆయనను తీసేసిన."

పులి సంగతైతే ఇంకా ఘోరం. మహారాష్ట్ర వైపు నుంచి పులులు రావడం మాకు కొత్త కాదు. పోయిన చలికాలం ఒక పత్తి చేనులో పులి ఉందని మసక మసక ఫొటో ఒకటి తిరిగింది. పసుపు ఒళ్లు, నల్ల చారలు, మెరుస్తున్న కళ్లు. ఒక చానల్ ఏకంగా మూడు పులులంది. ఊళ్లో తలుపులన్నీ మూసుకుపోయాయి. శ్యాంసుందర్‌ది కఠినమైన మనసేం కాదు. గబగబా ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, బయటికి పోకు! ఇంట్ల కూసొనే రాయ్!"

"పోయిన సార్. దాని పక్కనే ఉన్న."

శ్యాంసుందర్ కుర్చీలోంచి లేచాడు. "పక్కన అంటే ఎంత దూరమే?"

"ముట్టుకున్న సార్. మెత్తగున్నది."

శ్యాంసుందర్ చేతిలోంచి ఫోన్ జారి కింద పడింది. నేను దేవుడి పేర్లు గుర్తొచ్చినన్నీ తలుచుకున్నాను. కాసేపటికి ఫొటో వచ్చింది. చేను కంచె మీద ఎవరో ఆరేసుకున్న దుప్పటి. దుబాయ్ నుంచి తెచ్చుకుంటారే, నిండా పులి బొమ్మ ఉండే మందపాటి దుప్పటి, అది. దాని మెడ మీద చెయ్యేసి, పెళ్లి ఫొటోకు నిలబడ్డంత పద్ధతిగా నిలబడ్డాడు యేసుదాసన్న.

నవ్వుకున్నాం గానీ, జిల్లాలో మా యాప్ అందరికంటే వెనకబడింది. పైనుంచి శ్యాంసుందర్‌కు రోజూ చీవాట్లే. అట్లాంటి ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు మరో ఫొటో వచ్చింది. బోథ్ నుంచి దుబాయ్ వెళ్లి పని చేసుకుంటున్న సదానందం ఫొటో. ఫ్రేము కట్టి, పూలదండ వేసి ఉంది. కింద, 'గుండెపోటుతో మృతి'.

శ్యాంసుందర్ బోథ్‌కు ఫోన్ కలిపాడు. "అన్నా, సదానందం వార్త జల్ది పంపు."

"సూసొచ్చి చెప్త సార్, ఆగుండ్రి."

"దుబాయ్ పోయి సూసొస్తవా?" అని శ్యాంసుందర్ అరిచేసరికే అన్న ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అప్పటికే నాలుగు చానళ్లలో వచ్చేసింది. శ్యాంసుందర్ పళ్లు కొరుక్కుని, తనే నాలుగు వాక్యాలు రాసి యాప్‌లో పెట్టాడు. వద్దని నేనూ అనలేదు. గంటలో ఇరవై వేల మంది చూశారు. బోథ్ నుంచి ఒక్క అక్షరం రాలేదు.

"ఇగ చాలు రమ గారు. ఆయనను నౌకరి నుంచి తీసేసి, ఐడీ కార్డు తీస్కొద్దాం, నడువుండ్రి," అన్నాడు నాతో.

కారులో బోథ్ చేరి, అన్న అక్కడే ఉంటాడని సదానందం ఇల్లెక్కడో అడుగుతూ వెళ్లాం. సందు మొదట్లో పదిమంది ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకుంటూ నిలబడ్డారు. వాళ్లకు అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది యేసుదాసన్న భార్య గ్రేస్ వదిన.

"ఏడ్సేటోళ్లు ఈడనే ఏడ్వుండ్రి. లోపటికి పోవుడు లేదు!"

"ఏంది వదినా గిది?" అన్నాను బిత్తరపోయి.

"సదానందం వాళ్లవ్వ బుచ్చవ్వకు ఇంకా తెల్వది రమమ్మా. నిజమే అయితే మీ అన్న నోటితోని తెల్వాలె. ఇరవై ఆరేండ్ల సంది గదే పని. ఎవలన్న పోయిండ్రంటే సూసొస్త అని ఉరుకుతడు గద, సూసుడు పేరుకే. ఇంటోళ్లకు పేపర్ల చదివి తెల్వద్దు, పక్కన మనిషి ఉండంగ తెల్వాలె అంటడు. మెల్లగ చెప్పి, సుట్టాలొచ్చేదాక వాళ్లకాడ కూసొని, గప్పుడు మీకు వార్త పంపుతడు."

చావు వార్తలు ఆలస్యంగా పంపుతున్నాడని ఇన్నేళ్లలో నేనెన్నిసార్లు విసుక్కున్నానో! గ్రేస్ వదిన పక్కకు జరిగి మా ఇద్దరినీ లోపలికి వదిలింది.

లోపల బుచ్చవ్వకు ఎదురుగా నేల మీద కూర్చుని యేసుదాసన్న చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. మమ్మల్ని చూసి నోటి మీద వేలుంచుకుని, చిన్నగా బయటికి వచ్చాడు. జేబులోంచి ఒక బ్యాటరీ తీసి చూపించాడు. బుచ్చవ్వ ఫోన్‌ది.

"ఖరాబైంది, బాగుచేస్త అని తీస్కున్న," అన్నాడు గుసగుసగా. "దుబాయ్‌ల సూపర్‌వైజర్ నంబర్ దొరికింది సార్. కేరళ ఆయన. ఆయన హిందీ నాకు సమజ్ కాలే, నా హిందీ ఆయనకు సమజ్ కాలే. బతికున్నడు అన్నట్టే అనిపించింది. అనిపిస్తే సాలదు గద. పనికాడ ఫోన్లు పెట్టెల పెడ్తరట, తిండికి ఇడిసిపెట్టినంక మాట్లాడిస్త అన్నడు."

మాట పూర్తి కాకముందే అన్న ఫోన్ మోగింది. వీడియో కాల్. తెర మీద హెల్మెట్ పెట్టుకుని, నోట్లో ముద్ద నములుతూ సదానందం!

"ఏందే అన్నా, పొద్దుగాల్నుంచి ముప్పై సార్లు చేసినవట?"

"నువ్వు సదానందమేనా?"

"అగో! మరెవలు?"

"హెల్మెట్ తియ్. ఎడమ దిక్కు తిరుగు. దగ్గు."

"దగ్గుడెందుకే?"

"దగ్గరా అయ్యా!"

సదానందం దగ్గాడు. యేసుదాసన్న తెర మీద అతని చెంపను వేలితో నిమిరి, గట్టిగా ఊపిరి వదిలాడు. "గా దండ ఫొటో ఏందిరా మరి?"

"గదా? నెలంత మంచిగ పని జేసిండని కంపెనీ నా ఫొటో గోడకు పెట్టింది. ప్లాస్టిక్ దండ ఏసిండ్రు. ఖుషీల మనోళ్ల గ్రూపుల పెట్టిన. పొద్దుగాల్నుంచి అందరు దండాలు పెడ్తుండ్రట. నాకింత మర్యాదేందని నేనే పరేషాన్!"

శ్యాంసుందర్ తన ఫోన్ బయటికి తీశాడు. అక్కడికక్కడే తను పెట్టిన వార్త తీసేశాడు. తప్పు రాశాం, మన్నించండి అని దాని చోట ఇంకోటి పెట్టాడు. మా యాప్‌లో అట్లాంటి మాట చదవడం నాకదే మొదటిసారి.

ఈలోపు యేసుదాసన్న ఫోన్ తీసుకెళ్లి బుచ్చవ్వ చేతిలో పెట్టాడు.

"ఏందిరా, గియ్యాల సెలవు గాదు గద, ఫోన్ జేసినవ్?" అందామె.

"ఊకెనే అవ్వా, యాదికొచ్చినవ్."

తల్లీకొడుకులు చిక్కుడుకాయ కూర గురించీ, ఎండల గురించీ మాట్లాడుకున్నారు. పొద్దున్నుంచీ కొడుకు లోకమంతటికీ చనిపోయి ఉన్నాడన్న సంగతి ఆమెకు తెలియనే లేదు. ఫోన్ తిరిగిచ్చి మా వైపు చూసింది.

"మీరెవలు బిడ్డా?"

"పేపరోళ్లం అవ్వా," అన్నాడు శ్యాంసుందర్, ఐడీ కార్డు కోసం వచ్చిన మనిషి, నేల చూపులు చూస్తూ.

"గట్లనా? మంచిగైంది. గీ యేసుదాసు శాన మంచోడు. గని పాపం, ఏం పని లేదు. పొద్దుగాల్నుంచి ఈడనే కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తుండు. మీ పేపర్ల జర ఏదన్న నౌకరి సూపెట్టుండ్రి."

యేసుదాసన్న తల వంచుకుని నవ్వాపుకుంటున్నాడు.

"ఇప్పిస్తం అవ్వా. గాయన లేకుంటే మా పేపరే నడవది."

అని శ్యాంసుందర్ బూట్లు విప్పి, నేల మీద చతికిలబడి, చాటలోంచి ఒక చిక్కుడుకాయ అందుకున్నాడు. బుచ్చవ్వ అతన్ని కిందినుంచి పైదాకా జాలిగా చూసింది.

"నీకు సుత నౌకరి లేనట్టున్నది గద బిడ్డా!"