కొండపూల పొద

కొత్తవలసలో మా కాలేజీ పక్కన కొత్త భవనానికి రాళ్లు కోస్తున్నారు. తడిసిన రాతిపొడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆ వాసన తగిలితే నాకు కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధీ కాదు. పాతపట్నం అవతలి కొండ మీదికి కుచ్చెళ్లు ఎగదోపుకుని గబగబా ఎక్కిపోయే రూతమ్మ మేడమ్ కళ్లముందు మెదులుతారు.

డిగ్రీలో ఆవిడ మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. చర్చిలో చివరి పాట దాకా కూడా కుదురుగా కూర్చోలేదని వాళ్లమ్మగారే నవ్వేవారు. అలాంటి మనిషి ప్రాణమంతా ఏళ్లు గడిచినా పెరగని ఒక పొద మీద పెట్టుకున్నారు. అది మా కొండల వరసలో తప్ప ఇంకెక్కడా లేదట. మా వాళ్లు కొండపూల పొద అనేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు చిరాకేసింది. రాళ్ల సందుల్లో మోకాలెత్తు కొమ్మలు, గోరంత తెల్లపూలు.

"ఈ కంప కోసమా మేడమ్, ఇంతెండలో ఎక్కించారు?"

"కంపని తీసిపారీకు. నీకంటే పెద్దది. నువ్వు పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నాది."

నా చివరి సంవత్సరంలో కొండ వెనక రాతిక్వారీ తెరిచారు. లారీల బాట సరిగ్గా ఆ పొదల మీదుగా వేయాలనుకున్నారు. పొక్లెయిన్ నడిపేది మా అప్పన్న మావ, అమ్మకు తమ్ముడు. నాకు ఒళ్లు మండిపోయింది. క్లాసువాళ్లందరం వెళ్లి యంత్రానికి అడ్డంగా కూర్చుందామన్నాను. మేడమ్ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ విన్నారు.

"మీ మావని అడిగినావా?"

"అడిగితే ఏటి లాభం? ఆయనకి జీతం ముఖ్యం."

"కాదా మరి? రా, అడుగుదాం."

ఆ ఆదివారం చర్చి నుంచి నేరుగా మావ ఇంటికి వెళ్లాం. అత్త అన్నం పెట్టింది. మేడమ్ సంగతి చెప్పాక మావ తల దించుకునే అన్నాడు.

"తప్పుగా అనుకోకండమ్మా. ఆ పొద కూడెడతాదా? ఏళ్లకేళ్లు చెన్నైలో కూలి సేసినాను. ఇంటికొస్తే నా కూతురు నన్ను సూసి తలుపెనక దాక్కునీది. ఇప్పుడిప్పుడే దగ్గరికొస్తన్నాది."

మేడమ్ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "పని మానీమని నీను అనను బాబూ. బాట పక్కకి జరుగుతాదా అని అడగడానికొచ్చినాను. జరగదంటే జరగదని సెప్పు."

"కింద నుంచి తిప్పొచ్చు. రాయి ఎక్కువ, పని పెరుగుతాది. సూపర్‌వైజరు ఊరుకోడు."

అయినా మర్నాడు మావే అతన్ని పట్టుకున్నాడు. పైబాట వేస్తే వానకి మట్టి జారి లారీలు పడిపోతాయన్నాడు. అది నిజమో, అప్పటికప్పుడు పుట్టిన మాటో మావ ఈనాటికీ చెప్పలేదు. సూపర్‌వైజరు సగమే ఒప్పుకుని, బాటను కొంత కిందికి జరిపించాడు. పైవరస పొదలు మిగిలాయి, కిందివి పోయాయి.

పెకలించిన పొదల్ని మేడమ్ తన పెరట్లో నాటారు. ఒక్కొక్కటీ ఎండిపోయింది. దాంతో మిగిలిన పొదల గింజలు ఏరి కొండ మీదే చల్లారు. ఆ వానాకాలం ఒక్కటీ మొలవలేదు. నేను పదేపదే కొండెక్కి మట్టి గీకి చూసి వచ్చేదాన్ని. "గీకీకే, సచ్చిపోతాది!" అని కసిరేవారు గానీ, ఆవిడే నాకంటే ముందు వెళ్లి చూసొచ్చేవారు. మరుసటి వానలకు మొలకలు వచ్చాయి. అవి వేలెడెత్తు కాకముందే ఆవిడ గుండెజబ్బుతో పోయారు. మావ పని మధ్యలోంచి, ఒంటి నిండా దుమ్ముతోనే వచ్చి శవపేటికకు భుజం పట్టాడు.

ఆ మొక్కలు ఇంకా పూయలేదు. ఏటా వెళ్లి చూస్తాను. పూసేనాటికి నేనుంటానో లేదో తెలియక, దిగేటప్పుడు మనసు పీకుతూనే ఉంటుంది. ఆవిడ నాకు ఓపిక నేర్పారని స్నేహితులంటారు. నాకలా అనిపించదు. ఏదైనా అన్యాయం కనిపిస్తే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది, ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాను. చివరికి ఉండబట్టలేక చెప్పులేసుకుని, ఎవరి మీద కోపమో వాళ్లింటికే వెళ్లి తలుపు తడతాను. ఏం జవాబు వస్తుందో తెలియదు. అయినా తలుపు తీసేదాకా అక్కడే నిలబడతాను.