చొక్కా అంచుతో తుడిచిన గాజు తీగ

ఆ రోజు నేను చేసిన తప్పు మెయిలులో రాసిన ఒక్క వాక్యం. "ప్రత్తిపాడు పెట్టెలో అతుకు పని నాసిగా ఉంది, మనిషిని మార్చండి." పంపేటప్పటికి అది నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మాది కాలేజీలనూ ప్రయోగశాలలనూ కలిపే రీసెర్చ్ నెట్‌వర్క్. రోడ్ల పక్కన భూమిలో పరిచిన గాజు తీగల్లో వెలుగు పంపి సమాచారం చేరవేస్తాం. ఇరవై ఏళ్ళుగా నా పని అదే. ఈ మధ్య ఆ తీగలనే క్వాంటమ్ ఇంటర్నెట్‌కు సిద్ధం చేయమన్నారు. మామూలు ఇంటర్నెట్‌లో వెలుగు నీరసిస్తే దారిలో యంత్రం పెట్టి బలం ఎక్కిస్తాం. క్వాంటమ్‌లో ఆ వీలు లేదు. కాంతి కణాలు ఒక్కొక్కటిగా వెళతాయి. దారిలో వాటిని పెంచలేం, నకలు తీయలేం. పోయిన కణం పోయినట్టే. అందుకని గుంటూరు నుంచి దక్షిణానికి వెళ్ళే లైను మీద తీగలు కలిసే ప్రతి పెట్టె తెరిచి, అతుకులన్నీ మళ్ళీ వేయిస్తున్నాం.

అతుకులు వేసేది ఒక కాంట్రాక్టరు కింద పనిచేసే మేస్త్రీ. దాదాపు నా వయసువాడు. ఈ లైను చేతిలో ఉంటే ఎండాకాలం అయ్యేదాకా అతనికి పనికి లోటుండదు.

ప్రత్తిపాడు పెట్టె ఒక మిర్చి కల్లానికి ఆనుకుని ఉంది. నేను వెళ్ళేసరికి మేస్త్రీ పెట్టె చుట్టూ నీళ్ళు చల్లి, తడి గోనెపట్టా అడ్డం కట్టి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. కాయలు తిరగేసే ఆడవాళ్ళను బతిమాలుతున్నాడు.

"అక్కా, ఇంకో అరగంట ఆ కాయల జోలికి పోకండమ్మా. దుమ్ము లేస్తే నా పని పోద్ది."

"ఏందయ్యా, నీ తీగకి తుమ్ములొస్తాయా?" అంది వాళ్ళలో పెద్దావిడ. అందరూ నవ్వారు. నవ్వినా, ఆపారు.

మా ప్రాంతం వాడెవడూ కల్లం పక్కనుంచి ఊరికే నడిచిపోడు. వంగి ఒక కాయ తీసి, పుటుక్కున విరిచి, గింజ చూసి, "ఈసారి రంగు బాగా దిగిందే" అంటాడు. నేనూ అదే చేశాను. చెయ్యి చొక్కా అంచుకు రాసుకుని పెట్టె దగ్గరకు వచ్చాను.

మేస్త్రీ అతుకు పూర్తి చేశాడు. ఇక ఎంత వెలుగు పోతోందో చూపే మీటరుకు దాన్ని తగిలించి చూడాలి. నేను తీగ చివర ఉండే కనెక్టరు మూత తీసి, మొన మీద 'హా' అని నోటి ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచాను. పాత నెట్‌వర్క్‌లో అలాంటి మురికిని వెలుగు బలమే కప్పేసేది.

"సార్, చొక్కాతో వద్దు సార్. నా కాడ కొత్త గుడ్డ ఉంది."

"ఇరవై ఏళ్ళ బట్టి ఇట్టాగే తుడుస్తున్నా. నువ్వు నాకు నేర్పుతావా?"

అతను గుడ్డ మడిచి పెట్టెలో పెట్టేశాడు.

మీటరులో నష్టం ఎక్కువగా వచ్చింది. ఆ పెట్టె దగ్గర వెలుగు పోతోందని మాత్రమే మీటరు చెబుతుంది. అతుకూ కనెక్టరూ మూరెడు దూరంలోనే ఉంటాయి కాబట్టి, తప్పు ఏ ఒక్కదానిదో విడదీసి చెప్పదు. ఆ చెప్పేదేదో నేనే చెప్పాను.

"ఏం అతుకయ్యా ఇది? అవి చేతులా, కొయ్యలా?"

"అతుకు మిషన్ మీద బాగానే చూపిస్తంది సార్," అన్నాడు. అయినా కోసి మళ్ళీ వేశాడు. నష్టం అంతే ఉంది. కల్లంలో ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. నేను జీపులో కూర్చుని ఆ మెయిలు రాశాను. రెండు నిమిషాల్లో పైఅధికారి బొటనవేలు బొమ్మ పంపాడు. ఒక మనిషి పని పోవడానికి అంతకంటే ఎక్కువ ఏమీ అక్కర్లేదు.

నల్లపాడు రైలు గేటు దగ్గర ఆగినప్పుడు చెమట కారుతుంటే చొక్కా అంచుతో కన్ను తుడుచుకున్నాను. కన్ను భగ్గుమంది. నీళ్ళు కొట్టుకుంటుంటే అర్థమైంది, ఆ అంచుతో పొద్దున ఇంకేం తుడిచానో. కన్ను మంట తగ్గింది కానీ రోత తగ్గలేదు. నా నోటి తడి, నా చేతి కారం, పైగా నా అరుపు. వాటన్నిటినీ కలిపి ఇంకొకడి పనితనం అని పేరు పెట్టాను.

జీపు వెనక్కి తిప్పాను. కనెక్టరు మొన చూసే చిన్న మైక్రోస్కోపు పొద్దుననుంచీ నా సంచిలోనే ఉంది. తీయడానికి బద్ధకించాను. ఇప్పుడు పెట్టి చూస్తే మొన నిండా మచ్చలు, వాటి చుట్టూ ఎండిన తడి చార. ఉమ్మిన గోడలా ఉంది. మేస్త్రీ వదిలివెళ్ళిన గుడ్డతో తుడిచాను. నష్టం దాదాపు లేకుండా పోయింది. అతను కోసిపారేసిన మొదటి అతుకు కూడా బాగానే ఉండి ఉంటుంది.

కాంట్రాక్టరుకు ఫోను చేస్తే, "మధ్యాహ్నమే ఆపేశాం కదండీ, మీరేగా చెప్పింది," అన్నాడు.

పొద్దుటి మెయిలు ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ మళ్ళీ రాశాను. తప్పు అతుకుది కాదని, మిరపకాయ విరిచిన చేతిని రాసుకున్న చొక్కాతో కనెక్టరు తుడిచింది నేనని, వద్దని చెప్పిన మనిషినే తీయించానని, అతను లేకుండా ఈ లైను పరీక్ష మీద నేను సంతకం పెట్టనని. ఈసారి ఏ బొమ్మా రాలేదు. సాయంత్రానికి కాంట్రాక్టరు మాత్రం, రేపట్నుంచి అతన్నే రమ్మంటానని చెప్పాడు.

మేస్త్రీ ఇల్లు పక్క ఊళ్ళో, చర్చి వెనక వీధిలో. అరుగు మీద కూర్చుని, తిరిగి ఇచ్చేయాల్సిన అతుకుల మిషన్‌ను దుప్పట్లో చుడుతున్నాడు. జరిగింది చెప్పాను. నాదే తప్పు, క్షమించమన్నాను. దుప్పటి ముడి వేయడం ఆపాడు గానీ తలెత్తలేదు.

"ఆఫీసులో చెప్పారు, బాగానే ఉంది సార్. ఆ కల్లంలో ఆడోళ్ళు ఎవరూ మెయిల్ చూడరుగా. రేపు ఆ పెట్టెలో మిగతా తీగలు అతకాలంటే వాళ్ళ మధ్యనే నేను కూకోవాల."

మర్నాడు పొద్దున్నే అతనికంటే ముందు కల్లానికి వెళ్ళాను. ఆడవాళ్ళను పిలిచి, నిన్న చొక్కాతో తుడిచిన తప్పు నాదనీ, అతని చేతులకు వంక లేదనీ చెప్పాను. ఒకామె వినపడలేదంది. మళ్ళీ చెప్పాను.

"చొక్కా మార్చుకొచ్చావా మరి?" అంది పెద్దావిడ.

మార్చుకున్నానన్నాను. అప్పటికే మేస్త్రీ వచ్చి గోనెపట్టా కడుతున్నాడు. నేను బిందె తీసుకుని పెట్టె చుట్టూ నీళ్ళు చల్లాను.